ఒక నోటికి ఒక భాష

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీద కాన్వెంటు వెలసిన మూడో ఏట, అంటే పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, నేను అక్కడ తెలుగు పండితుణ్ణి. పండితుణ్ణి అని నేను చెప్పుకోవాల్సిందే గానీ, కాన్వెంటువాళ్ళ దృష్టిలో నేనొక నోరును. వాళ్ళకు మనుషులు అక్కర్లేదు, నోళ్ళు కావాలి.

ఆ సిద్ధాంతం మదర్ క్లెమెంటీన్‌ది. ఆమె బెల్జియం దేశపు సన్యాసిని, మా హెడ్‌మిస్ట్రెస్. పిల్లలకు రెండు భాషలు సమానంగా రావాలంటే ఆ రెండూ ఒకే నోటి నుంచి వినపడకూడదని ఆమె ఎక్కడో చదువుకుంది. పొద్దున పూట ఇంగ్లీషు, మధ్యాహ్నం పూట తెలుగు. ఇంగ్లీషు చెప్పే సిస్టర్లకు కాన్వెంటు గేటు లోపల తెలుగు రాదు. నిజంగా రాకపోవడం కాదు, మదర్‌కే కూరగాయలామెతో బేరమాడేంత తెలుగు వచ్చు. రానట్టు ఉండాలి, అంతే. అలాగే గేటు లోపల నాకు ఇంగ్లీషు రాదు. పొద్దున పూట ఏ పసివాడో దాహమని తెలుగులో ఏడిస్తే, సిస్టరమ్మ ఆ మాట ఇంగ్లీషులో వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేది.

ఇక నా సంగతి. మాది మాధ్వ బ్రాహ్మణుల ఇల్లు. మా ఆవిడ రుక్మిణమ్మతో నేను మాట్లాడేది కన్నడం. దేవుడి ముందు సంస్కృతం, జీతానికి తెలుగు, పత్రిక చదవడానికి ఇంగ్లీషు, జట్కావాడితో ఉర్దూ. ఐదు భాషలు నా ఒక్క నోట్లో ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్నాయి, ఒక్కనాడూ కొట్టుకోలేదు. ఈ సంగతి మదర్‌కు ఎప్పుడూ చెప్పలేదు. చెబితే నా నోరు పనికిరాదంటుందేమోనని భయం.

జిల్లా అంతా ఎస్సెస్సెల్సీకి చదువుతుంటే మా పిల్లలు సీనియర్ కేంబ్రిడ్జికి చదవాలట. పై తరగతులు ఇంకా రానేలేదు. అయినా ఆ పరీక్ష పేపర్లు ఓడెక్కి ఇంగ్లండు పోయి దొరల చేత దిద్దించుకొని వస్తాయని తల్లిదండ్రులకు అప్పుడే చెప్పేశారు. అది విని ప్రొద్దుటూరు పత్తి వ్యాపారులు, పులివెందుల వైపు రెడ్లు పిల్లల్ని తెచ్చి చేర్చారు. పుస్తకాలన్నీ అక్కడివే. పెన్నలో చెలమ తోడుకొని నీళ్ళు తాగే ఊళ్ళ పిల్లలు మంచుతో బొమ్మ చేయడం ఎలాగో పది వాక్యాలు రాసేవాళ్ళు. మధ్యాహ్నం నా దగ్గరికి వస్తే నేనేమైనా తక్కువ తిన్నానా? "నీల్లు" అన్నవాడి చేత "జలము" అనిపించేవాణ్ణి. "యాడికి పోతాండావు" అన్న నోరు "ఎచ్చటికి పోవుచున్నావు" అనేదాకా వదిలేవాణ్ణి కాను. "బస్సుకు తెలుగేంది అయివారూ?" అని ఒకడు అడిగితే, అప్పటికప్పుడు సంస్కృతంలో ఒక పేరు కల్పించి వాడి మొహాన కొట్టాను. రెండు పూటలా ఆ పిల్లలకు దొరికేది పరాయి భాషే. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసే నవ్వుకునేవాణ్ణి.

ఆ జూన్‌లో బడి తెరిచిన వారానికి మదర్ తల్లిదండ్రులకు ఒక సర్క్యులర్ తయారు చేసింది. ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం పన్నెండు గంటలకు నా చేతికిచ్చి, రెండింటికల్లా తెలుగు చేసి ఇమ్మంది. నాకు కడుపులో ఆకలి. ఇంటికి పోయి రావాలి. అరగంటలో రాసి పడేశాను. అయినా అది నాకు నచ్చింది. "తండ్రి బిడ్డతో ఆంగ్లమునందును, తల్లి తెలుగునందును మాత్రమే సంభాషింపవలెను. లేనియెడల విద్యార్థి అభివృద్ధికి భంగము కలుగును." తాలూకా కచేరీ నోటీసుకు ఏమాత్రం తీసిపోదు. దాన్ని సైక్లోస్టైల్ చేసి పిల్లలందరి చేతుల్లో పెట్టి పంపించారు.

ఇంగ్లీషు వచ్చిన ఇద్దరు ముగ్గురు వకీళ్ళు సంతోషించారు. మిగతావాళ్ళు మడిచి గూట్లో పెట్టారు. పెద్దవాళ్ళు అలాంటి కాగితాలను ఏం చేస్తారో అదే చేశారు. ఒక్కడు మాత్రం దాన్ని నమ్మాడు.

ఆయన తొండూరు ఆదినారాయణరెడ్డి. నలభై ఏళ్ళుంటాయి. పెద్ద మనిషి, పెద్ద మీసం, పొలాలు బాగానే ఉన్నాయి. కూతురు నాగమ్మకు ఎనిమిదేళ్ళు. తన తల్లి పేరే బిడ్డకు పెట్టుకున్నాడు, అందుకని పేరుతో పిలవడు, "అమ్మా" అనో "పాపా" అనో అంటాడు. కాన్వెంటు కోసం ప్రొద్దుటూరులో ఒక ఇల్లు బాడుగకు తీసుకొని భార్య తిరుపాలమ్మనూ బిడ్డనూ అక్కడ పెట్టాడు. తాను మాత్రం శనివారం సాయంత్రం ముద్దనూరు మీదుగా బస్సులో వచ్చి సోమవారం పొద్దున్నే సేద్యానికి వెళ్ళిపోయేవాడు.

జూలై మొదట్లో ఒక ఆదివారం ఒక సంచెడు శనక్కాయలు తెచ్చి మా తిన్నె మీద పెట్టి, తాను కింద నిలబడ్డాడు.

"అయివారూ, నాకు ఇంగ్లీషు నేర్పల్ల మీరు."

"ఈ వయసులో మీకెందుకు రెడ్డిగారూ?"

"బిడ్డతో మాట్లాడల్ల గదా." చొక్కా జేబులోంచి కాగితం తీశాడు. మడతల దగ్గర అప్పుడే చిరుగు పట్టింది. "ఇది మా ఊరి బడి అయివారితో సదివిచ్చుకుంటి. ఆ పొద్దు నుంచి పాపతో నోరు తెరవల్యా. శనివారం బస్సు దిగి ఇంటికి పోతానే ఉరుక్కుంటా వస్తాది. నాయనా, బడిలో అట్ల, బడిలో ఇట్ల అని ఒగటే చెప్తాది. నేను తల ఊపుతాండా. యాడ మాట జారుతాదో అని తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంటాండా."

నాకు లోపల నవ్వు ఉబికి వస్తోంది. "ఒక్క మాట తెలుగులో అంటే ఏమవుతుంది?" అన్నాను.

"మీరే గదా రాసినారు, భంగం అని. ఒక్క మాటకు ఎంత భంగమైతాదో నాకేం తెల్సు అయివారూ? నేను సదువుకున్యానా?"

ఆదివారం ఆదివారం రమ్మన్నాను. ఆయన పోయినాక లోపలికి వెళ్ళి, తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకొని చూపించాను మా ఆవిడకు. రుక్మిణమ్మ నవ్వలేదు. "నెల రోజులు బిడ్డతో మాట్లాడకుండా ఉన్నాడా?" అంది. ఆమెకు హాస్యం తెలియదని నేను అనుకున్నాను.

పాఠాలు మొదలైనాయి. మొదటి పాఠం పిల్లి, రెండో పాఠం కుక్క. శనక్కాయ చెట్టు పీకి చూసి ఎకరాకు ఎంత దిగుబడి వస్తుందో చెప్పగల మనిషి, మా తిన్నె మీద బాసింపట్టు వేసుకొని "దిస్ ఈజ్ ఎ క్యాట్" అని నూరుసార్లు అనేవాడు. మీసం అడ్డం వచ్చేది. వీధిలో పోయేవాళ్ళు నిలబడి చూసేవాళ్ళు. ఆయనకు సిగ్గు లేదు. సిగ్గు లేనివాణ్ణి చూస్తే నాలాంటివాడికి ఇంకా చులకన.

రెండో ఆదివారం ఆయన ఒక్కటే అడిగాడు. "అయివారూ, 'పాపా, ఈ ఊర్లో నీకు బాగుందా' అనేది ఎట్ల చెప్పల్ల? అదొగటి చెప్పండి. మిగతాది నిదానంగా నేర్చుకుంటా."

నాలుగు మాటలు. చెప్పడానికి ఊపిరి కూడా ఖర్చు కాదు. "అది ప్రశ్నార్థకం రెడ్డిగారూ, పదిహేడో పాఠంలో వస్తుంది. క్రమం తప్పితే భాష పట్టుబడదు," అన్నాను. ఆయన తప్పు చేసినవాడిలా తల వంచి మళ్ళీ పిల్లి దగ్గరికి పోయాడు.

నా శిష్యుడు ఏం వెలగబెడుతున్నాడో చూద్దామని ఒకనాడు వాళ్ళ ఇంటికి నేనే వెళ్ళాను. తిరుపాలమ్మ జొన్నరొట్టెలు కాలుస్తోంది. రెడ్డి రొట్టె తుంచి, నెయ్యి వేసి, బెల్లం నలిపి బిడ్డ నోటికందిస్తూ, ఎంతో మెత్తగా, "దిస్ ఈజ్ ఎ క్యాట్" అన్నాడు.

"యస్, ఇట్ ఈజ్ ఎ క్యాట్," అని ఆ పిల్ల నోరు తెరిచి తినింది.

కాసేపటికి పిల్ల గడప మీద కూర్చుంటే, "దట్ ఈజ్ ఎ డాగ్" అని గట్టిగా కసిరాడు. పిల్ల చప్పున లేచి లోపలికి వచ్చింది. మరి కొంచెంసేపటికి, బడి పుస్తకంలో తాను వేసిన బొమ్మ తెచ్చి చూపించి, మొహం వంక చూస్తూ, "ఈజ్ దిస్ ఎ క్యాట్?" అంది. అది గుర్రం. ఆయన దాన్ని వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూశాడు. "ఎ క్యాట్, ఎ క్యాట్, ఎ క్యాట్," అన్నాడు. ఆ పిల్ల మొహం విప్పారింది.

"ఈడ పిల్లీ లేదు, కుక్కా లేదు అయివారూ," అంది తిరుపాలమ్మ, రొట్టె తిప్పుతూ. "తండ్రీబిడ్డలు పొద్దస్తమానం అవ్వే మాట్లాడుకుంటారు. నాకైతే ఏందో పిచ్చి పట్టినట్టుండాది."

దారి పొడుగునా నవ్వుకుంటూ వచ్చాను. ఆ వారం నేను ఎవరు కనపడితే వాళ్ళకు ఈ కథ చెప్పాను. పోస్టాఫీసులో చెప్పాను, మఠంలో చెప్పాను. పెనంమీది రొట్టెను పిల్లి అన్న రెడ్డి అని ఊళ్ళో ఒక పేరు కూడా పుట్టింది. దాన్ని పుట్టించింది నేనే.

జూలై ఆఖరులో నూర్ అహ్మద్ అని బట్టల కొట్టాయన కాన్వెంటుకు వచ్చాడు. ఆయన కొడుకు మా బడిలోనే మూడో తరగతి. మదర్ గదిలో నన్ను పిలిపించారు. ఆ గదిలో మాటలు ఎలా సాగేవో చెబితే నమ్మరు. మదర్ ఇంగ్లీషులో అడిగేది, నేను తెలుగులో జవాబు చెప్పేవాణ్ణి. ఇద్దరికీ రెండూ వచ్చు, ఇద్దరమూ రానట్టు ఉండేవాళ్ళం.

"మదరమ్మా, మా ఇంట్లో ఉర్దూ," అన్నాడు నూర్ అహ్మద్. "నేను ఇంగ్లీషు మాట్లాడల్ల, మా బీబీ తెలుగు మాట్లాడల్ల అని రాసిస్తిరి. సరే. మరి ఉర్దూ ఎవురు మాట్లాడల్ల? మా ముసిలామె ఉండాది, ఆమెకిచ్చేదా?"

మదర్‌కు అర్థం కాలేదు. అర్థం కానట్టు ఉండటం కాదు, నిజంగానే కాలేదు. బీరువా తెరిచి తన ఇంగ్లీషు కాగితం తీసి నా ముందు పెట్టి, ఇందులో ఏముందో ఆయనకు వివరించమంది.

నేను ఆ కాగితం అప్పుడు మొదటిసారి పూర్తిగా చదివాను. తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఇంగ్లీషు బాగా వస్తే, వారికి ఇష్టమైతే, బిడ్డతో ఆ భాషలో మాట్లాడవచ్చు. రానివారు తమ ఇంటి భాషలోనే ఎప్పటిలాగా ధారాళంగా మాట్లాడుతూ ఉండవలసిందని ప్రార్థన, బిడ్డకు దానికి మించిన మేలు లేదు. అంతే ఉంది. భంగం అన్న మాట ఎక్కడా లేదు.

ఆ భంగం నాది. జూన్‌లో మొదటి వాక్యం చదివి మిగతాది ఊహించుకున్నాను. నా జన్మలో నేను చదివిన తెలుగు నోటీసు ఒక్కటి కూడా "వచ్చును" అని ముగియలేదు. నోటీసంటే "వలెను" అనాలి, దాని వెనక "లేనియెడల" రావాలి. ఇది మా తాతల నాటి నుంచి వస్తున్న అలవాటు. ఒక బడి తల్లిదండ్రులకు కాగితం పంపి బతిమాలుకుంటుందని నా బుర్రకు తట్టనే లేదు.

"అది మీకు వర్తించదు సాయిబూ, మీ ఇంట్లో ఉర్దూలోనే మాట్లాడుకోండి," అన్నాను. ఆయన బతికిపోయానన్నంత సంబరపడి వెళ్ళిపోయాడు. తెలుగు ప్రతిలో ఏదైనా పొరపాటు దొర్లిందా అని మదర్ నన్ను అడిగింది. "లేదు, ఆయన సరిగా చదువుకోలేదు," అన్నాను.

ఆదివారం రెడ్డికి చెప్పేద్దామనుకున్నాను. ఆ మాట నిజం. ఆయన వచ్చి కూర్చున్నాడు. చెబితే ఏం చెప్పాలి? పండితుడు రాసిన రెండు ముక్కల్లో రెండూ తప్పే అని చెప్పాలి. నిన్నటిదాకా ఊరందరితో కలిసి ఈ మనిషిని చూసి నవ్వాను, రేపు ఊరు నన్ను చూసి నవ్వుతుంది. పైగా ఈయనకు ఇప్పుడొచ్చిన నష్టమేముంది, పిల్లీ కుక్కా అని బాగానే ఆడుకుంటున్నారు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. పుస్తకం తెరిచి, ఆనాటి పాఠం మొదలుపెట్టాను. ఈజ్, వాజ్.

"అంటే, ముందర ఉండి ఇప్పుడు లేకపోతే వాజ్ అనల్లా అయివారూ?"

"అంతే."

"మాకు ఎర్రెద్దు ఒగటి ఉండ్య. శానా మంచిది. పోయినేడు పాయ. అది వాజ్."

"దాన్ని పూర్తి వాక్యంగా చెప్పాలి రెడ్డిగారూ," అన్నాను. నేను చెప్పిన పాఠాలన్నింటిలో ఆయనకు ఒక్కసారి వినగానే వంటబట్టింది అదొక్కటే.

ఆగస్టు నెల మూడో వారంలో ఒక బుధవారం, పొద్దున పదిన్నరకు, కాన్వెంటు గేటు ముందు ఒక జీపు ఆగింది. నేను వరండాలో ఒక మూల కూర్చొని పలకలు దిద్దుతున్నాను. నా పూట ఇంకా రాలేదు. మదర్ నాలుగడుగుల దూరంలో నిలబడి ఒక సిస్టరుతో ఏదో మాట్లాడుతోంది. జీపులోంచి ఆడమనిషి ఏడుపు వినిపించింది. అది తిరుపాలమ్మ గొంతు. రెడ్డి ఒక్కడే దిగి వరండా ఎక్కాడు. కాళ్ళకు చెప్పులు లేవు.

"అయివారూ," అన్నాడు మెల్లగా. "మా యమ్మ పాయ. తెల్లారుజామున. నిన్న రాత్రి దాకా మాట్లాడింది." జీపు వైపు ఒకసారి చూశాడు. "పాపను తీసకపోవల్ల. దాన్ని పెంచింది మా యమ్మే. జేజి అంటే దానికి పానం. దీన్ని ఇంగ్లీషులో ఎట్ల చెప్పల్ల?"

ఇక్కడ నేను చెప్పవలసిన మాట ఒక్కటే. తెలుగులో చెప్పు రెడ్డీ, ఆ కాగితం తప్పు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. మదర్ నా వైపు తిరిగి చూసింది.

"ఈ గేటు లోపల నేను ఇంగ్లీషు పలకకూడదు రెడ్డిగారూ," అన్నాను.

ఆయన సరేనన్నట్టు తల ఊపాడు. బడికి వచ్చినప్పుడు బడి నియమం ఉంటుంది, అది ఆయన ఎరిగిందే. అంతలో సిస్టరు క్లాసులోంచి నాగమ్మను తీసుకొచ్చింది. బుధవారం నాడు నాయన కనపడటం ఆ పిల్లకు పండగ. పరుగెత్తుకొచ్చి పంచె పట్టుకుంది.

రెడ్డి ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఏ మాట ఎక్కడుందో లోపల వెతుక్కుంటున్నాడు.

"జేజి," అన్నాడు. మళ్ళీ, "జేజి వాజ్."

పిల్ల నవ్వింది. "ఈజ్, నాయనా. జేజి ఈజ్ ఓల్డ్."

"నో," అన్నాడు ఆయన. "వాజ్."

పిల్ల ఆయన మొహం చూసింది. ఏదో తప్పు చెప్పాననుకుందో ఏమో, చేతులు కట్టుకొని నిటారుగా నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు, "జేజి వాజ్ ఓల్డ్," అంది.

"యస్," అన్నాడు రెడ్డి. లేచి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు.

ఆయన మెల్లగా చెప్పినవి మదర్ క్లెమెంటీన్ చెవిన పడలేదు, ఆమెకు సంగతి తెలియదు. ఇద్దరినీ చూసి మొహమంతా వెలిగించుకొని, చాలా బాగుంది, భూతకాలం సరిగ్గా వచ్చిందని ఇంగ్లీషులో మెచ్చుకుంది. ఆయన రెండు చేతులూ ఎత్తి ఆమెకు దండం పెట్టి, బిడ్డను జీపు ఎక్కించాడు. నేను పలక మీద తలవంచుకొని దిద్దిందే మళ్ళీ దిద్దాను.

మధ్యాహ్నానికి మదర్‌కు ఎవరో చెప్పారు. ఆమె చాపెల్‌లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక నన్ను పిలిచి, ఎప్పుడూ లేనిది, తెలుగులో అడిగింది. తన నియమం తానే తప్పింది.

"అతను ఎందుకు తెలుగులో చెప్పలేదు? తల్లి చనిపోతే కూడా?"

"తెలియదు మదర్," అన్నాను. అన్యమతస్తురాలని, తెల్లతోలని, పిచ్చి సిద్ధాంతాల మనిషని మూడేళ్ళు ఆమెను ఈసడించుకున్నాను. ఆ గదిలో ఆ పూట ఇద్దరిలో ఎవరు ఈసడింపుకు తగినవాళ్ళో నాకు బాగానే తెలిసింది.

ఇంటికి పోయి రుక్మిణమ్మకు మొత్తం చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. "ఇది నాకు చెప్పేది కాదు, వాళ్ళకు చెప్పి రండి," అంది. పది రోజులు సాకులు వెతికాను. మైల ఇంటికి ఎలా పోతానన్నాను. బడికి సెలవు దొరకదన్నాను. ఆమె ఆ పది రోజులూ నాతో అవసరానికి మించి ఒక్క మాటా మాట్లాడలేదు. మాట్లాడని మనిషితో ఒక ఇంట్లో ఉండటం ఎలా ఉంటుందో ఆ విధంగా నాకు నేర్పింది.

దినాలు అయిన మరునాడు తొండూరు వెళ్ళాను. వాళ్ళ ఇల్లు రోడ్డు పక్కనే. రెడ్డి గుండు చేయించుకొని తిన్నె మీద చాప వేసుకొని కూర్చున్నాడు. మీసం కూడా లేదు, ఎవరో అనుకున్నాను. నన్ను చూసి దిగ్గున లేచి, చాప దులిపి నాకు వేసి, తాను నేల మీద కూర్చున్నాడు. ఇంత దూరం ఎండలో వచ్చినారా అయివారూ అని మజ్జిగ తెమ్మని కేక వేశాడు. వద్దన్నాను.

లోపల పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళ మధ్య నాగమ్మ కూర్చొని ఉంది. ఒక ముసలామె, "మీ జేజికి ఏమాయ తల్లీ?" అని గడ్డం పట్టుకొని అడిగింది.

"జేజి వాజ్ ఓల్డ్," అంది ఆ పిల్ల చేతులు కట్టుకొని.

"అబ్బ, ఎంత బాగా సెప్తాందో సూడండి," అంది ముసలామె పక్కవాళ్ళతో.

"ఆ పొద్దు నుంచి అట్లే అయివారూ," అన్నాడు రెడ్డి. "వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళు చెప్పినారు, ఈళ్ళు చెప్పినారు. ఎవురి మాటా వినదు. నాయన చెప్పింది వాజ్ అని గదా అంటాది. కంట్లో నీళ్ళు రాల్యా. బిడ్డకు ఏడుపే రాకపోతే ఎట్లనో నాకు తెల్డం ల్యా. ఇంగోటి ఏదన్నా ఉంటాదేమో చూడండి ఇంగ్లీషులో. ఏడుపొచ్చే మాట."

అప్పుడు చెప్పాను. జూన్ నుంచి మొదలుపెట్టి చెప్పాను. మదర్ రాసింది ఇది, నేను రాసింది ఇది. మాట్లాడవచ్చు అంటే మాట్లాడవలెను అన్నాను. భంగం నేను పెట్టింది. మీరు మీ బిడ్డతో మాట్లాడకూడదని ఎవరూ అనలేదు.

ఆయన నున్నటి గుండు మీద చెయ్యి వేసుకొని నిమురుకున్నాడు.

"ఈ సంగతి మీకు ఎప్పుడు తెల్సె అయివారూ?"

అబద్ధం చెబితే అక్కడ పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. "జూలై ఆఖరులో," అన్నాను.

వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "అంటే, ఆ పొద్దు బడికాడ మీకు తెల్సు."

"తెలుసు."

ఆయన నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన నా వైపు నుంచి మొహం తిప్పుకొని, ఇంట్లోకి చూసి, "అమ్మా, ఇట్లా రా," అన్నాడు. తెలుగులో.

లోపల మాటలు ఆగిపోయాయి. పిల్ల గడప దగ్గర నిలబడి ఆయన్నే చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి. ఒక్క పరుగున వచ్చి రెండు చేతులతో ఆయన నోరు మూసేసింది.

"వద్దు నాయనా. భంగమైతాది."

ఆ చేతులను ఆయన నోటి మీద నుంచి మెల్లగా తీశాడు. ఒక్కొక్క చెయ్యీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఏమీ కాదు తల్లీ," అన్నాడు. "మన జేజి సచ్చిపాయ. నీ పేరే తలుచుకుంటా పాయ. ఇంగ రాదు."

ఆ పిల్ల ఏడ్చింది. అంత చిన్న పిల్లలో అంత ఏడుపు పదకొండు రోజులు ఎలా పట్టిందో నాకు తెలియదు. ఆయన ఆ పిల్లను గుండెకు అదుముకొని మాట్లాడుతూనే ఉన్నాడు. జేజి ఆ రాత్రి ఏం అడిగింది, ఎవరెవరిని తలుచుకుంది, ఎక్కడ మట్టి చేసినాం, ఎవరెవరు వచ్చినారు, ఒకటి తర్వాత ఒకటి చెప్పాడు. మూడు నెలల మాటలు గొంతు నిండా ఉన్నాయి. మధ్యలో ఆ పిల్ల ఏదో అడిగేది, దానికి జవాబు చెప్పి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

నేను లేచి నిలబడ్డాను. "ఇంక నేను పోతాను రెడ్డిగారూ," అన్నాను. మా సీమలో పగవాడు ఇంటికొచ్చినా పోయేటప్పుడు లేచి నిలబడి పంపుతారు. ఆదినారాయణరెడ్డి లేవలేదు. నా వైపు తిరగలేదు. మరొకసారి అందామనుకొని ఊరుకున్నాను. ఆయన బిడ్డతో మాట్లాడుతున్నాడు.